చేయి ముందు, ఆలోచన తర్వాత: ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల దుడుకుతనాన్ని దారిలో పెట్టడం ఎలా?

"చెల్లిని కొట్టొచ్చా?" అని అడగండి. "కొట్టకూడదు" అంటాడు. "రోడ్డు మీదికి పరిగెత్తొచ్చా?" అంటే "వద్దు, బండ్లొస్తాయి" అంటాడు. అడిగిన ప్రతిదానికీ జవాబు సరిగ్గానే చెబుతాడు. పది నిమిషాలు గడవకముందే లోపలి గదిలోంచి చెల్లి ఏడుపు వినిపిస్తుంది. ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, అతి చురుకుదనం, దుడుకుతనం కనపడే మెదడు ఎదుగుదల సమస్య) ఉన్న పిల్లల తల్లిదండ్రుల్ని అన్నిటికంటే ఎక్కువ అలసిపోయేలా చేసేది ఇదే. అన్నీ తెలిసి కూడా చేస్తున్నాడంటే కావాలనే చేస్తున్నాడనీ, మొండితనమనీ అనుకుంటారు. దాంతో చెప్పిందే మళ్లీ చెప్పడం, ఇంకా గట్టిగా చెప్పడం, చివరికి చెయ్యెత్తడం.

ఈ పిల్లలకి నియమాలు తెలుసు. ఆ క్షణంలో ఆగడమే చేతకాదు. కాబట్టి పని జరిగిపోయాక చెప్పే నీతి ఎంత మంచిదైనా వాళ్లకి అక్కరకు రాదు. సాయం ఆ క్షణానికి ముందే, అది జరిగే చోటే సిద్ధంగా ఉండాలి. కింద చెప్పే మెట్లన్నీ ఈ ఒక్క ఆలోచన మీద నిలబడ్డవే. పిల్లవాడు అని రాస్తున్నా ఇదంతా ఆడపిల్లలకీ వర్తిస్తుంది. వాళ్లలో ఈ సమస్యని గుర్తించడం తరచూ ఆలస్యమవుతుంది కాబట్టి మరింత జాగ్రత్తగా చూడాలి.

ఎందుకు ఆగలేరు?

నుదుటి వెనక ఉండే మెదడు భాగం "ఆగు, ఒకసారి చూసుకో" అని చెప్పే పని చేస్తుంది. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల్లో ఈ భాగం ఎదుగుదల ఆలస్యంగా జరుగుతుంది. అమెరికాలోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ పరిశోధకులు 2007లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, మెదడు పైపొర మందం గరిష్ఠ స్థాయికి చేరే వయసు మిగతా పిల్లల్లో సుమారు ఏడున్నరేళ్లు అయితే, వీళ్లలో పదిన్నరేళ్లు. అంటే దాదాపు మూడేళ్ల తేడా. అమెరికన్ మనస్తత్వవేత్త రస్సెల్ బార్క్‌లీ తల్లిదండ్రులకి ఒక సులువైన లెక్క చెబుతారు: తనను తాను అదుపు చేసుకునే విషయంలో ఈ పిల్లల్ని వయసు కంటే దాదాపు 30 శాతం చిన్నవాళ్లుగా చూడాలని. పదేళ్ల పిల్లవాడి దగ్గర ఏడేళ్ల పిల్లవాడి ఓపికే ఉంటుందన్నమాట. తెలివితేటలకి దీంతో సంబంధం లేదు. లెక్కల్లో ముందుండే పిల్లవాడు కూడా వరుసలో నిలబడలేకపోవచ్చు.

ఇంకో సంగతి, దూరంగా ఉన్న ఫలితం వీళ్లని కదిలించదు. "ఫస్ట్ ర్యాంకు తెస్తే సైకిల్ కొంటా" అన్న మాట మిగతా పిల్లల్ని నెలల తరబడి నడిపించవచ్చు. ఈ పిల్లల మీద దాని పట్టు సాయంత్రం దాకా కూడా ఉండదు.

ఏడీహెచ్‌డీ ఎక్కువగా వంశపారంపర్యంగా వస్తుంది. డాక్టరు ముందు కూర్చుని "నేనూ చిన్నప్పుడు ఇంతేనండీ" అనే నాన్నలు చాలామంది. పెంపకం సరిగా లేకపోవడం వల్ల ఇది రాదు. ఈ మాట గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మన ఇళ్లలో తప్పంతా తల్లి మీదికే నెడతారు. ఆ అమ్మ ఆ నిందని మోస్తూనే రోజంతా ఆ పిల్లవాడి వెనక పరిగెత్తుతుంటుంది.

మొదటి మెట్టు: నిర్ధారణ

అల్లరి చేసే ప్రతి పిల్లవాడికీ ఏడీహెచ్‌డీ ఉండదు. డాక్టర్లు కొన్ని కొలతలతో చూస్తారు. లక్షణాలు పన్నెండేళ్ల లోపే మొదలై ఉండాలి, కనీసం ఆరు నెలలుగా ఉండాలి, ఇల్లు, బడి వంటి రెండు చోట్లయినా కనపడాలి, వాటివల్ల చదువుకో స్నేహాలకో ఇబ్బంది కలుగుతుండాలి. ఇంట్లోనే అల్లరి, బడిలో బుద్ధిమంతుడు అంటే కారణం వేరే ఉండొచ్చు. దీన్ని తేల్చే రక్తపరీక్ష గానీ స్కానింగ్ గానీ లేదు. తల్లిదండ్రులతో, టీచర్‌తో మాట్లాడి, ప్రశ్నావళులు నింపించి, పిల్లవాడిని చూసి నిర్ణయిస్తారు. చూపు, వినికిడి, రాత్రిపూట గురక, థైరాయిడ్, రక్తహీనత వంటివి కూడా పరీక్షించమని అడగండి. సరిగా నిద్రలేని పిల్లవాడు అచ్చం ఇలాగే ప్రవర్తిస్తాడు.

చూపించాల్సింది పిల్లల మానసిక వైద్యులకి, లేదా పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే వైద్యులకి. హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. జిల్లాల్లో ఉండేవాళ్లు ప్రభుత్వ సత్వర చికిత్సా కేంద్రం గురించి అడగొచ్చు. ఈ కేంద్రాలు 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం (పిల్లలకి ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ పథకం) కిందివి, ఆ పథకం చూసే సమస్యల జాబితాలో ఏడీహెచ్‌డీ కూడా ఉంది. ఎక్కడికి వెళ్లాలో తోచకపోతే 14416కి ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం నడిపే టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.

రెండో మెట్టు: ప్రమాదాలకి ముందే అడ్డుకట్ట

ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలకి దెబ్బలు తగిలే, ప్రమాదాలు జరిగే అవకాశం ఎక్కువ. ఈ విషయంలో పిల్లవాడికి నేర్పి, వాడు నేర్చుకునేదాకా ఎదురుచూడటం కుదరదు. ముందు ఇంటిని మార్చండి. గేటుకి వాడి చేతికి అందనంత ఎత్తులో గడియ, మేడ మీది తలుపుకి తాళం, బాల్కనీ దగ్గర ఎక్కడానికి వీలయ్యే కుర్చీలూ స్టూళ్లూ తీసేయడం, మందులు, అగ్గిపెట్టె, బండి తాళాలు కళ్లకి కనపడని చోట పెట్టడం. ఊళ్లో కాలువో చెరువో బావో దగ్గర్లో ఉంటే పెద్దవాళ్లు తోడు లేకుండా అటు పంపొద్దు.

పండగలప్పుడు ఇంకా జాగ్రత్త. సంక్రాంతికి గాలిపటం తెగగానే పిట్టగోడ ఉందన్నది మర్చిపోయి దాని వెనక పరిగెత్తేది ఈ పిల్లలే. దీపావళికి పేలని టపాకాయ మీదికి వంగి చూసేదీ వీళ్లే. ఆ రోజుల్లో పెద్దవాళ్లలో ఒకరు వేరే పనేమీ పెట్టుకోకుండా వాడి చెయ్యందుకునే దూరంలో ఉండాలి. "పిల్లలందరూ మేడ మీదే ఉన్నారుగా" అనుకుంటే చాలదు.

మూడో మెట్టు: వారం రోజులు రాయండి, తర్వాత ఒక్కటి ఎంచుకోండి

ఒక నోట్‌బుక్కు తీసుకుని, గొడవ జరిగిన ప్రతిసారీ నాలుగు ముక్కలు రాయండి: టైమెంత, ఎక్కడ, దానికి ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది. తీర్పులొద్దు. "చాలా సతాయించాడు" అని కాకుండా "సాయంత్రం ఐదింపావు, హాల్లో, ఫోన్ తీసుకున్నాను, రిమోట్ విసిరాడు, నానమ్మ ఫోన్ తిరిగి ఇచ్చేసింది" అని.

వారం తర్వాత చూస్తే రోజంతా ఒకేలా ఉండదని తెలుస్తుంది. సాధారణంగా కొన్ని సమయాలే పదేపదే కనపడతాయి: బడి నుంచి ఆకలితో వచ్చిన అరగంట, హోంవర్క్ మొదలుపెట్టేటప్పుడు, ఫోన్ తీసుకునేటప్పుడు, చుట్టాలొచ్చినప్పుడు, ఆటలో ఓడిపోయినప్పుడు. కొన్ని గొడవలు ఇక్కడే తీరిపోతాయి. బడి నుంచి రాగానే ముందు తినడానికి పెట్టి, పావుగంట ఆడనిచ్చి, ఆ తర్వాత పుస్తకాలు తీయించడం మొదలుపెడితే చాలు, ఆ సమయంలో జరిగే గొడవలు చాలావరకు తగ్గుతాయి.

మిగిలినవాటిలో ఒక్కదాన్నే ఎంచుకోండి. ఇది చాలా కష్టంగా అనిపిస్తుంది, ఎందుకంటే సమస్యలు పది ఉంటాయి. కానీ పదీ ఒకేసారి పట్టుకుంటే పిల్లవాడికి రోజంతా తిట్లే మిగులుతాయి. ఎంచుకున్నదాన్ని "చేయొద్దు" అని కాకుండా "ఇది చెయ్యి" అని మార్చండి. "చెల్లిని కొట్టొద్దు" అంటే చేతులతో ఏం చేయాలో వాడికి తెలియదు. "కోపమొస్తే చేతులు కట్టుకుని నా దగ్గరికి రా" అంటే చేయడానికి ఒక పని దొరుకుతుంది.

నాలుగో మెట్టు: "అలా అయితే ఇలా చేస్తా"

ఈ మార్గదర్శిలో ఒక్కటే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి. "బుద్ధిగా ఉండు" అన్నది ఈ పిల్లల మెదడుకి పట్టుకోవడానికి వీల్లేని మాట. "ఫలానాది జరిగితే ఫలానాది చేస్తా" అని ముందే కట్టిపెట్టుకున్న వాక్యం పట్టు దొరికే మాట. మనస్తత్వవేత్తలు ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలతోనే దీన్ని పరీక్షించి, ఆగడానికి ఉపయోగపడుతుందని చూశారు. ఆ క్షణంలో కొత్తగా ఆలోచించే పని తప్పుతుంది కాబట్టే ఇది పనిచేస్తుంది.

వాక్యం పిల్లవాడి నోటితోనే రావాలి. ఇంట్లో అది ఇలా సాగొచ్చు.

"నాన్నా, క్యారమ్స్‌లో చెల్లి గెలిచిందనుకో. అప్పుడు నీకేమవుతుంది?"
"కోపమొస్తుంది."
"ఎక్కడొస్తుంది?"
"ఇక్కడ, చేతుల్లో."
"మరి చేతుల్లో కోపమొస్తే ఏం చేద్దాం?"
"గట్టిగా పిడికిలి బిగిస్తా."
"తర్వాత?"
"నీ దగ్గరికొస్తా."
"సరే, మొత్తం కలిపి చెప్పు."
"చెల్లి గెలిస్తే పిడికిలి బిగించి అమ్మ దగ్గరికొస్తా."

చెప్పించడంతో ఆపొద్దు, ఆడించండి. అందరూ ప్రశాంతంగా ఉన్నప్పుడు, కడుపు నిండి ఉన్నప్పుడు, ఆ క్యారమ్ బోర్డు ముందే కూర్చోబెట్టి, చెల్లి గెలిచినట్టు నాటకం ఆడించండి. వాడు పిడికిలి బిగించి లేచి రావాలి. ఒకసారి వాడు అమ్మ అవుతాడు, మీరు కోపమొచ్చిన పిల్లవాడు అవ్వండి. పిల్లలకి ఇది భలే ఇష్టం. రోజుకి రెండు మూడుసార్లు, ఒక్కోసారి రెండు నిమిషాలు చాలు.

అసలు ఆట మొదలయ్యే ముందు వాక్యాన్ని మళ్లీ అడగాలి. చాలామంది వదిలేసేది ఇదే. పొద్దున్న నేర్పింది సాయంత్రం తనంతట తనే గుర్తొస్తుందని అనుకుంటారు, గుర్తురాదు. పెళ్లికి వెళ్తున్నప్పుడు ఇంట్లో చెప్పడం కాదు, ఫంక్షన్ హాల్ మెట్ల దగ్గర ఆగి, వాడి కళ్లలోకి చూస్తూ, "భోజనాల దగ్గర జనం ఎక్కువుంటే ఏం చేస్తావ్?" అని అడగాలి. "నాన్న చొక్కా పట్టుకుంటా" అని వాడు చెప్పాకే లోపలికి నడవాలి. రోడ్డు దాటేది రోడ్డు అంచున, లిఫ్ట్ సంగతి లిఫ్ట్ ముందు. రాసి పెట్టేదైనా అంతే. హోంవర్క్ బల్ల మీద "ముందు మొత్తం ప్రశ్న చదువు" అన్న చీటీ అంటించండి, ఫ్రిజ్ మీద అంటిస్తే ఉపయోగం లేదు.

ఆదేశాలు చిన్నవిగా ఉండాలి. దగ్గరికి వెళ్లి, పేరు పిలిచి, భుజం మీద చెయ్యేసి, ఒక్క పని చెప్పండి. వంటింట్లోంచి అరిచి "బ్యాగు తీసి, బట్టలు మార్చుకుని, కాళ్లు కడుక్కుని రా" అంటే మూడింటిలో ఒకటి కూడా చేరదు.

ఐదో మెట్టు: మెప్పు వెంటనే అందాలి

వాడు పిడికిలి బిగించి మీ దగ్గరికి వచ్చాడు. ఆ క్షణంలోనే "కోపమొచ్చినా కొట్టకుండా నా దగ్గరికొచ్చావు" అని చెప్పండి. ఏం బాగా చేశాడో మాటల్లో వినపడాలి. ఉత్త "గుడ్ బాయ్" చాలదు.

దానితోపాటు కంటికి కనపడేది ఒకటి కావాలి. గాజు సీసా ఒకటి, గుప్పెడు చింతపిక్కలు చాలు. కొట్టకుండా ఉన్న ప్రతి పావుగంట ఆటకీ ఒక గింజ, వాక్యంలో చెప్పినట్టు నిజంగా చేసి చూపిస్తే మూడు. లెక్క ఎంత తరచుగా ఉండాలన్నది మీ నోట్‌బుక్కే చెబుతుంది. ఇప్పుడు ఇరవై నిమిషాలకోసారి గొడవవుతుంటే పావుగంటకి గింజ పెట్టండి, గంటకి కాదు. మొదటి వారం వాడు చాలాసార్లు గెలవాలి. గెలిచిన రుచి తెలిశాక మెల్లగా సమయం పెంచొచ్చు.

గింజల్ని అదే రోజు మార్చుకోనివ్వండి. డబ్బు ఖర్చయ్యే బహుమతులు అక్కర్లేదు. రేపు పొద్దున్న టిఫిన్ ఏంటో వాడే చెప్పొచ్చు, పడుకునే ముందు ఇంకో కథ వినొచ్చు, నాన్నతో బండి మీద ఒక రౌండ్ వెళ్లొచ్చు, పావుగంట క్రికెట్‌లో బ్యాటింగ్ అంతా వాడిదే కావొచ్చు. రెండు వారాలకోసారి జాబితా మార్చండి, వీళ్లకి ఏదైనా తొందరగా పాతబడిపోతుంది. వచ్చిన గింజల్ని కోపంలో వెనక్కి తీసుకోవద్దు. కష్టపడి ఆగింది నిజం, దాన్ని చెరిపేస్తే ఇక ఆగాల్సిన పనేముందని అనిపిస్తుంది.

"ఇది లంచం కాదా?" అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. లంచం తప్పు పని చేయించుకోవడానికి ఇచ్చేది. చేతకాని పనిని కష్టపడి చేసినందుకు దక్కేది కూలి. ఆ మాట నిదానంగా చెప్పి, పని కొనసాగించండి.

ఆరో మెట్టు: జరిగిపోయాక

ఎంత చేసినా కొన్నిసార్లు చెయ్యి లేస్తుంది. అప్పుడు మీరు చేయాల్సింది తక్కువ, మాట్లాడాల్సింది ఇంకా తక్కువ. "కొట్టావు. ఆట అయిపోయింది." అంతే. ఎవరూ మాట కలపని ప్రశాంతమైన చోట కాసేపు కూర్చోబెట్టండి. వయసు ఎన్నేళ్లో అన్ని నిమిషాలు సరిపోతుంది. చీకటి గదిలో పెట్టడం, బాత్రూంలో వేసి గడియ పెట్టడం శిక్ష అనిపించుకోదు, అది భయపెట్టడమే. వద్దు.

వేడి తగ్గాక సరిదిద్దించండి. ఒలికించిన పాలు వాడే తుడవాలి, చెల్లికి తగిలినచోట పెట్టడానికి ఐసు ముక్క వాడే తేవాలి. బలవంతంగా పలికించే "సారీ" కంటే ఇది ఎక్కువ నేర్పుతుంది. ఆ తర్వాత వాక్యాన్ని ఒక్కసారి ఆడించి వదిలేయండి. రాత్రి నాన్న ఇంటికొచ్చాక మళ్లీ పంచాయితీ పెట్టొద్దు.

చిన్న చిన్న సతాయింపుల్ని, అంటే గొణగడం, వెక్కిరించడం లాంటివాటిని పట్టించుకోకుండా ఉండొచ్చు. పట్టించుకోవడం మానిన మొదటి కొన్ని రోజులు అవి పెరుగుతాయి. ఇంతకుముందు పనిచేసిన ఉపాయం ఇప్పుడెందుకు పనిచేయట్లేదని పిల్లవాడు ఇంకా గట్టిగా ప్రయత్నిస్తాడు. సరిగ్గా ఆ రోజుల్లో "ఇది పనిచేయలేదు" అని మనం లొంగిపోతే, ఇంకా గట్టిగా అరవాలన్నదే నేర్పినట్టవుతుంది. కొట్టడాన్ని, ప్రమాదాన్ని మాత్రం ఎప్పుడూ చూసీచూడనట్టు ఊరుకోకూడదు.

కొట్టడం గురించి. దెబ్బకి ఆ నిమిషం ఆగుతాడు, అందుకే పనిచేసినట్టు కనపడుతుంది. కోపమొస్తే చెయ్యి చేసుకోవాలన్నదే వాడు నేర్చుకునేది, మనం మాన్పించాలనుకుంటున్నదీ అదే.

ఏడో మెట్టు: ఇంట్లో అందరిదీ ఒకే మాట

అమ్మ వద్దంటుంది, తాతయ్య ఇచ్చేస్తారు. తాతయ్యది ప్రేమే. ఆయన్ని తప్పుపట్టకుండా పనిలోకి దించండి: "మావయ్యగారూ, గింజలు వేసే పని మీరు తీసుకుంటారా? మీరు వేస్తే వాడికి ఇంకా సంతోషం" అని. చింతపిక్కలు లెక్కపెట్టే తాతయ్యకి ఆ పద్ధతి తనదే అవుతుంది. చుట్టాల ముందు మాత్రం పిల్లవాడి గురించి ఫిర్యాదులు చేయకండి. వాడు ఆడుకుంటున్నట్టే ఉంటాడు, ప్రతి మాటా వింటాడు.

ఎనిమిదో మెట్టు: బడి

యాభై మంది పిల్లలున్న క్లాసులో టీచర్‌ని పది అడిగితే ఒకటీ జరగదు. ఒకటి రెండు అడగండి. మొదటిది కూర్చునే చోటు: టీచర్‌కి దగ్గరగా, తలుపుకీ కిటికీకీ దూరంగా, నెమ్మదైన పిల్లల పక్కన. రెండోది రోజువారీ చీటీ. చిన్న కాగితం మీద ఒకే లక్ష్యం, ఉదాహరణకి "చెయ్యెత్తి, పిలిచాక జవాబు చెప్పాడు". ఉదయం, మధ్యాహ్నం టీచర్ ఒక టిక్కు పెడతారు. ఆ టిక్కులు ఇంట్లో గింజలవుతాయి. టీచర్‌కి పట్టేది అర నిమిషం. జవాబు నోట్లోంచి తన్నుకొచ్చే పిల్లవాడికి ఒక రఫ్ కాగితం ఇచ్చి, ముందు రాసి తర్వాత చెయ్యెత్తమని చెబితే చాలా తేడా వస్తుంది.

అల్లరి చేశాడని ఆటల పీరియడ్ తీసేయడం చాలా బడుల్లో చూస్తాం. దయచేసి మాన్పించండి, కదలకుండా ఉంచితే మిగతా పీరియడ్లు ఇంకా కష్టమవుతాయి. నల్లబల్ల తుడవడం, పుస్తకాలు పక్క క్లాసుకి ఇచ్చి రావడం వంటి పనులు చెప్పమని అడగండి. బడిలో కొడుతుంటే, 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ శారీరక శిక్షనీ మానసిక వేధింపునీ నిషేధించిందని మర్యాదగా, రాతపూర్వకంగా గుర్తుచేయండి.

తొమ్మిదో మెట్టు: మందుల సంగతి

అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2019 మార్గదర్శకాల ప్రకారం, ఆరేళ్లు నిండని పిల్లలకి ముందుగా ఇవ్వాల్సింది తల్లిదండ్రులకి శిక్షణ, అంటే పైన చెప్పిన తరహా పనే. ఆరేళ్లు దాటాక మందులూ శిక్షణా కలిపి. ఏడీహెచ్‌డీకి వాడే మందుల్లో మిథైల్‌ఫెనిడేట్ ఇచ్చిన రోజే పనిచేస్తుంది. అటొమోక్సెటిన్ అనే ఇంకో మందు ప్రభావం పూర్తిగా తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆకలి మందగించడం, నిద్ర ఆలస్యంగా పట్టడం మామూలుగా కనిపించే ఇబ్బందులు. అందుకే డాక్టరు ఎత్తు, బరువు, గుండె వేగం, బీపీ చూస్తుంటారు. ఇంట్లో గుండె జబ్బుల చరిత్ర ఉంటే తప్పకుండా చెప్పండి. డాక్టరుకి చెప్పకుండా మోతాదు మార్చడం, పక్కింటి పిల్లవాడి మందు వాడటం వద్దు.

"అలవాటైపోతుందేమో" అన్న భయం దాదాపు ప్రతి ఇంట్లో ఉంటుంది. డాక్టర్ల పర్యవేక్షణలో వాడిన పిల్లలు పెద్దయ్యాక మత్తుకి బానిసలయ్యే ముప్పు దీనివల్ల పెరగలేదని పరిశోధనలు చూపించాయి. మందు వాడటం ఓటమి అనుకునేవాళ్లకి నా మాట ఒక్కటే: వాడు ఆగడానికి అర క్షణం దొరికితేనే, మీరు నేర్పిన వాక్యం గుర్తొచ్చే వీలుంటుంది. చాలామంది పిల్లలకి మందు ఆ అర క్షణాన్నిస్తుంది.

నిద్ర, తిండి, ఫోన్

ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకి రోజుకి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. రాత్రి పదకొండు దాకా టీవీ నడిచే ఇంట్లో ఏ పద్ధతీ నిలవదు. తీపి తింటే ఈ జబ్బు వస్తుందనీ పెరుగుతుందనీ అంటారు. పరిశోధనల్లో అది తేలలేదు. దంతాలు పాడవకుండా తీపి తగ్గించండి, దీని కోసం లడ్డూ మీద పోరాటం వద్దు. ఫోన్ తీసుకోవడానికి పది నిమిషాల ముందు ఒకసారి, రెండు నిమిషాల ముందు ఇంకోసారి చెప్పి, ఆ వెంటనే వాడికి నచ్చే పని ఒకటి సిద్ధంగా ఉంచండి.

వెనక్కి జారినప్పుడు

తనని తాను గాయపరుచుకుంటున్నా, చచ్చిపోతానంటున్నా, ఇంట్లో ఎవరికైనా పెద్ద దెబ్బలు తగులుతున్నా ఈ మెట్లు పక్కనపెట్టి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

అంత లేకుండా మెల్లగా పాత దారిలోకి జారడం మాత్రం అందరి ఇళ్లలో జరిగేదే. వేసవి సెలవులయ్యాక జూన్‌లో, కొత్త క్లాసు, కొత్త టీచరు వచ్చినప్పుడు, ఇల్లు మారినప్పుడు, తమ్ముడో చెల్లో పుట్టినప్పుడు నేర్చుకున్నదంతా పోయినట్టే కనిపిస్తుంది. అప్పుడు మళ్లీ ఒక్క ప్రవర్తనే తీసుకోండి. పావుగంటని పది నిమిషాలు చేయండి. కొత్త క్లాసు గుమ్మం దగ్గర చెప్పుకోవడానికి కొత్త వాక్యం కట్టండి. బడి తెరిచే వారం ముందే టీచర్‌ని కలిసి, పోయినేడాది ఏ చీటీ పనిచేసిందో చూపించండి.